తోటమాలి అద్దెకిచ్చిన ఇల్లు

కొండవాగు రాజు రంగభూపతికి కోపం వచ్చినా సరదా పుట్టినా చేసే పని ఒక్కటే, పందెం పెట్టేయడం. ఓ పొద్దున షికారు నుంచి తిరిగొస్తూ ఉత్తరపు వీధిలో తాతగారు కట్టించిన జంట ఇళ్ళు చూశాడు. నాలుగేసి వాటాల ఇళ్ళు. మూడేళ్ళుగా ఖాళీ. లోపల గబ్బిలాలు దర్జాగా కాపురం చేస్తున్నాయి.

సభలో కూర్చోకుండానే అందుకున్నాడు. "ఊళ్ళో జనం చోటు దొరక్క తిరుగుతుంటే నా ఇళ్ళల్లో గబ్బిలాలా? పోనీ అద్దైనా కడతాయా అవి? ఇద్దరు రండి. చెరో ఇల్లు ఇస్తా, నలభై రోజులు గడువు. అద్దె కట్టే జనంతో ఇల్లు నింపినవాడికి రెండిళ్ళూ రాసిచ్చేస్తా."

కట్టడాల అధికారి దండపాణి ముందుకొచ్చాడు. తను చూస్తే చాలు, వంకర గోడ కూడా నిటారుగా నిలబడుతుందని చెప్పుకునే మనిషాయన.

"నాతో పోటీకి ఎవరొస్తారు ప్రభూ?" అన్నాడు మీసం దువ్వుతూ.

"నేనొస్తానండి" అని ఓ గొంతు వినిపించింది. చూస్తే తోటమాలి చెంగయ్య. గుమ్మాలకి పూలదండలు కట్టడానికి వచ్చినవాడు, నోరు జారాడు. సభంతా గొల్లుమంది.

"సరే, వీడు ఓడితే తోట వెనకున్న వీడి పాక పీకించి, నా పల్లకీకి సావిడి వేసుకుంటా" అన్నాడు దండపాణి. రాజు ఊఁ అన్నాడు. చెంగయ్య ఇరవయ్యేళ్ళు మన్ను తవ్వి సంపాదించింది ఆ పాక ఒక్కటే మరి.

ఇంట్లో భార్య కోటమ్మ సంగతి విని గరిటె కింద పడేసింది. "ఉన్న పాకని పందెం కాశావా? ఇళ్ళు అద్దెకివ్వడం నీకేం తెలుసయ్యా?"

"మన్ను తెలుసు కదే" అన్నాడు చెంగయ్య, తనకే నమ్మకం లేని గొంతుతో.

మర్నాడు తన వంతు ఇంటికెళ్ళాడు. గోడలు చూడలేదు, తలుపులు చూడలేదు. చెప్పులు విడిచి పెరడంతా నడిచాడు. నేల వాలు ఇంటివైపుకే ఉంది. అంతే, సగం సంగతి తెలిసిపోయింది. మిగతా సగం కోసం ఒకప్పుడు ఆ ఇంట్లో అద్దెకున్న అప్పడాల శేషమ్మని వెతికి పట్టుకున్నాడు.

"వానొస్తే మంచమెక్కి వంట చేసేదాన్ని నాయనా. ఎండాకాలం పడమటి గోడ పెనంలా కాలేది. మనిషన్నవాడు ఉంటాడా అందులో?" అంది శేషమ్మ.

ఇక చూడాలి చెంగయ్య హుషారు. పెరడు చదును చేసి వాలు వీధివైపుకి తిప్పాడు. నీళ్ళు పోవడానికి కాలవ తీశాడు. పడమటి గోడ పొడుగునా పందిరేసి ఆనపపాదు ఎక్కించాడు. వాటాకో ఆకుకూర మడి, పక్కన అప్పడాలు ఆరేసుకోను నున్నటి గచ్చు. పాక పోతుందేమోనని వారం రోజులు సణిగిన కోటమ్మే చివరికి ఆయనకంటే ఎక్కువ తవ్వింది. అద్దె నెలకి రెండు రూకలు. మొట్టమొదట శేషమ్మే వచ్చి పాలు పొంగించింది. ముప్పయ్యో రోజుకల్లా నాలుగు వాటాలూ నిండాయి. ఆ రాత్రి మొగుడూ పెళ్ళాలకి ఆనందంతో నిద్రపట్టలేదు.

దండపాణి మాత్రం గుమ్మానికి బంగారు పూత సింహాలు పెట్టించాడు. వాటాకో దీపాల గుత్తి వేలాడదీశాడు. అద్దె ఇరవై రూకలన్నాడు. జనం వచ్చి, సింహాల మూతులు నిమిరి, వెళ్ళిపోయారు. అయినా ఏం మాయో, నలభయ్యో రోజు తెల్లారేసరికి ఆ ఇల్లూ కిటకిటలాడిపోయింది.

రెండూ నిండాయి కాబట్టి కాపురమున్నవాళ్ళనే అడిగి తేలుద్దామని రాజు పల్లకీ దిగి ముందు సింహాల ఇంటికెళ్ళాడు. "ఎలా ఉంది ఇల్లు?"

"స్వర్గం ప్రభూ" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

"మరి అద్దె?"

"బొత్తిగా తక్కువ ప్రభూ."

రాజు మురిసిపోయి చెంగయ్య ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే శేషమ్మ అడ్డం నిలబడింది. "వచ్చారా, రండి. బావి గిలక కిర్రుమంటోందని వచ్చిన రోజు నుంచీ మొత్తుకుంటున్నా. ఈయన్నడిగితే రేపంటాడు." వెనకనుంచి ఓ నేతగాడు గుమ్మం తలకి తగులుతోందన్నాడు. ఇంకొకావిడ మా మడిలో ఆకుకూర పక్కవాటావాళ్ళు కోసుకుపోతున్నారంది.

రాజు మొహం ముడుచుకుంది. "రేపే పాక పీకిస్తా" అని దండపాణి చెంగయ్య చెవిలో అన్నాడు. అంతలో పక్కింట్లోంచి ఇంకా పొగడ్తలు వినిపిస్తున్నాయి. చెంగయ్య ఒక్క నిమిషం చెవి ఒగ్గి విన్నాడు. మెల్లగా నవ్వొచ్చింది.

"ప్రభూ, తీర్పు చెప్పేముందు చిన్న మనవి. రెండిళ్ళకీ ఇవాళ్టి నుంచి అద్దె రెట్టింపని చాటించండి."

చాటింపు పడిందో లేదో, సింహాల ఇంటివాళ్ళు అరుగు మీదికొచ్చి చేతులు జోడించారు. "మహాప్రసాదం ప్రభూ, ఇంకాస్త పెంచండి."

ఇటు శేషమ్మ అప్పడాల కర్రతో మెట్లు దిగింది. "రెట్టింపా? ఎవడన్నాడా మాట?" నాలుగు వాటాల జనమూ ఆమె వెంటే. రాజు గబుక్కున చెంగయ్య వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏమిటయ్యా ఇది?"

"ప్రభూ, అద్దె కట్టేవాడి నోరు ఇలాగే ఉంటుందండి. పెంచినా పొగుడుతున్నారంటే, వాళ్ళు కట్టేవాళ్ళు కారు, ఉండడానికి కూలి పుచ్చుకున్నవాళ్ళు."

రాజు అరుగు మీదున్న ఓ బొజ్జాయన్ని పిలిచాడు. "నెలకెంత అద్దెకి దిగావు?"

ఆయన తెల్లమొహం వేసి దండపాణి వైపు చూశాడు. "అది మా బావగారు చెప్పలేదండి."

రాజుకి నవ్వు ఆగలేదు. తలపాగా జారిపోయింది, పల్లకీ కొమ్ము పట్టుకుని మరీ నవ్వాడు. బోయీలు నవ్వారు, వీధంతా నవ్వింది. దండపాణి సింహాల చాటున దాక్కున్నాడు. "రెండిళ్ళూ నీవేనయ్యా చెంగయ్యా, నీ పాక జోలికి ఎవడూ రాడు" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. కోటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఏడ్చేసింది.

శేషమ్మ మాత్రం కదల్లేదు. "నవ్వింది చాలు మహారాజా. పెంచిన అద్దె సంగతి తేల్చి మరీ పల్లకీ ఎక్కండి."

"పాతదే తల్లీ, పాతదే" అన్నాడు రంగభూపతి రెండు చేతులూ ఎత్తి.