బుచ్చిరామయ్యగారింటి పాత వైరు

తెనాలిలో టీవీలు బాగుచేసే వీరభద్రాచారిగారికి ఒక అలవాటుంది. ఎవరైనా వచ్చి వైరు కావాలంటే, "ముందు మీ టీవీ వెనకవైపు ఫొటో తీసుకురండి" అనేవారు. కొందరు విసుక్కుని పక్క షాపుకి పోయేవాళ్లు. పోతే పోనీ అనుకునేవారు తప్ప, ఫొటో చూడకుండా వైరు ముట్టుకునేవారు కాదు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న మణిమాలకి ఇదంతా చాదస్తంగా తోచేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"మాస్టారూ, ఉన్నవాటిలో మేలైన వైరేదో మనకి తెలుసు కదా. అందరికీ అదే ఇవ్వడం ధర్మం కాదా?"

ఆయన లేచి చెప్పులేసుకుంటూ, "సంచీ తీసుకో, బుచ్చిరామయ్యగారింటికి పోదాం" అన్నారు.

బుచ్చిరామయ్య బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి ఐదు నెలలైంది. కుడిచెయ్యి కాస్త కదులుతుంది, కానీ ఆ మహానుభావుడు కదపడు. ఇలాగే వదిలేస్తే బిగుసుకుపోతుందని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. వ్యాయామం చేయించే అమ్మాయి జాలిపడి తన పాత వీడియో గేమ్ పెట్టె తెచ్చిచ్చింది. దాని రిమోటు చేత్తో పట్టుకుని ఊపితే తెరమీద మనిషి బంతి కొడతాడు. భార్య సామ్రాజ్యమ్మ బజారంతా తిరిగి అన్నిటికన్నా ఖరీదైన, కొత్తరకం టీవీలకి పెట్టే హెచ్‌డీఎంఐ వైరు కొనుక్కొచ్చింది. తీరా చూస్తే అది పెట్టెకి పట్టింది, టీవీకి పట్టలేదు. వాళ్లది పాతకాలపు డబ్బా టీవీ. దాని వెనక పసుపు, తెలుపు, ఎరుపు బెజ్జాలు తప్ప ఇంకేం లేవు.

"బంగారంలాంటి వైరండీ ఇది, తీసెయ్యకండి" అంది మణిమాల. "మధ్యలో పెట్టడానికి కన్వర్టరు తెప్పిస్తాను. వారం పడుతుంది."

"వారమేం ఖర్మ, నెల పట్టనీ. నాకేం తొందర?" అన్నాడు బుచ్చిరామయ్య, హాయిగా.

సామ్రాజ్యమ్మ మొహం చిన్నబోయింది. ఐదు నెలలుగా ఆవిడ వింటున్న మాట అదే.

మాస్టారు పెట్టెని వెనక్కి తిప్పి చూశారు. దానికి ఇంకో పాత బెజ్జం కూడా ఉంది. సంచీలోంచి మూడు రంగుల పాత వైరు తీసి రెండింటినీ కలిపారు. బొమ్మ వచ్చింది. అబ్బే, ఏం బొమ్మ! అక్షరాలన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. మణిమాలకి తల కొట్టేసినట్టయింది. మాస్టారు మాత్రం అదేం పట్టనట్టు రిమోటు బుచ్చిరామయ్య కుడిచేతికి తగిలించారు.

"ఇదేం బొమ్మయ్యా ఆచారీ! ఆ బంతి చూడు, పిండిముద్దలా ఉంది!"

"బంతా? నాకు కనపడటం లేదే. ఎక్కడుందండీ?"

"అదుగోనయ్యా, ఆ మూల!" అంటూ చెయ్యెత్తి చూపించాడు బుచ్చిరామయ్య. చెయ్యి ఛాతీ దాకా లేచింది. తెరమీద మనిషి బంతిని ఫెడీమని కొట్టాడు. బుచ్చిరామయ్య తన చేతికేసి చూసుకుని, "ఏదీ, ఇంకోటి రానీ" అన్నాడు.

తిరిగొస్తుంటే మణిమాల మనసు కుదుటపడలేదు. "అయినా మాస్టారూ, బొమ్మ మరీ మసగ్గా ఉంది. మనకి చెడ్డపేరు రాదూ?"

మాస్టారు నాలుగడుగులు వేసి ఆగారు.

"నువ్వు తెరకేసే చూస్తూ కూర్చున్నావమ్మాయ్. సామ్రాజ్యమ్మగారు ఎటు చూస్తున్నారో చూశావా?"