రవ్వ అంటిన చెయ్యి

ఓబులేసుకు నాడి అందడం లేదు.

పెన్న ఒడ్డున ఉన్న బసవలింగయ్య మఠానికి వైద్యం నేర్చుకోవడానికి వచ్చి చాలా కాలమే అయింది. వేరు వాసన చూసి పేరు చెప్పగలడు. కషాయం ఎంత మరగాలో, లేహ్యం ఎప్పుడు దించాలో గురువుగారు నోరు తెరవకముందే తెలిసిపోతుంది. తీరా రోగి వచ్చి చెయ్యి చాచితే మాత్రం వేళ్ళు మొద్దుబారిపోతాయి. మణికట్టు కింద ఏదో కొట్టుకుంటూ ఉంటుంది. అది ఏం చెబుతోందో ఒక్క ముక్క అర్థం కాదు.

నాడి తెలియని వాణ్ణి బసవలింగయ్య వైద్యుడని చెప్పి ఊరికి పంపడు. మందు నూరే పనికి మఠంలోనే ఉంచేసుకుంటాడు. అదేమీ తక్కువ పని కాదు గానీ, ఓబులేసు వచ్చింది అందుకు కాదు.

ఒకప్పుడు అతను మద్దెల వాయించేవాడు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో భజన జరిగినా అతని కోసం బండి కట్టేవారు. అట్లా ఒకసారి పొరుగూరు పోయి, వాయింపులో ఒళ్ళు మరిచిపోయి, మర్నాడు ఇంటికి వచ్చేసరికి చెల్లెలు గంగులమ్మ జ్వరంతో మూలుగుతోంది. వాళ్ళ ఊళ్ళో వైద్యుడు లేడు. ఎక్కడినుంచో పిలుచుకొచ్చేలోపే ఆ పిల్ల పోయింది. ఓబులేసు మద్దెలను అటక ఎక్కించి, ఇక ముట్టనని ఒట్టేసుకున్నాడు. ఇంకో ఇంట్లో ఇట్లా జరగకూడదని మఠానికి నడిచొచ్చాడు.

మద్దెల పోయింది గానీ, దాని తాలూకు కాయలు వేళ్ళ కొసలకు మిగిలాయి. నాడి తెలియకపోవడానికి ఆ కాయలే కారణమని అతని నమ్మకం. రోగిని ముట్టే ముందు చేతులు కడుక్కోవాలని గురువుగారి నియమం. కొత్తగా వచ్చిన ప్రతి శిష్యుడికీ మొదట చెప్పేది అదే. ఓబులేసు ఆ మాటను ఎక్కడికో తీసుకుపోయాడు. బూడిదతో రుద్దాడు. చింతపండు పెట్టి గంగాళం తోమినట్టు తోమాడు. అది చాలక ఏటి రాయితో వేళ్ళ కొసలు అరగదీశాడు. కాయలు పోయి కింద ఎర్రటి చర్మం బయటపడింది. నాడి మాత్రం బయటపడలేదు.

గురువుగారి మీద ఓబులేసుకు కొండంత భక్తి. అయినా ఆయనకు రెండు పిచ్చులున్నాయని లోపల్లోపల అనుకునేవాడు. ఒకటి పావురాలు. మఠం చూరు నిండా గూళ్ళే. ఎంతమంది రోగులు కాచుకుని ఉన్నా, వాటికి గింజలు వేసి, ఒక్కోదాన్ని చేతుల్లోకి తీసుకుని కాసేపు పలకరిస్తే గానీ ఆయన వచ్చి కూర్చోడు. రెండోది తాళాలు. సోమవారం భజనలో తాళాలు ఆయనే పట్టుకుంటాడు. ఆయన తాళం పాటకు ఎప్పుడూ ఒకడుగు వెనకే నడుస్తుంది. పాడేవాళ్ళు నవ్వు ఆపుకోలేక నానా అవస్థా పడతారు. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని, లోకంలో తనంత సుఖపడేవాడు లేడన్నట్టు వాయిస్తూనే ఉంటాడు.

ఒకరోజు ఓబులేసు ఉండబట్టలేక అడిగేశాడు.

"సామీ, మీకు నాడి ఎట్ల పట్టుబడింది?"

బసవలింగయ్య లేచి చూరు దగ్గరికి నడిచాడు. గూట్లోంచి ఒక పావురాన్ని తీసి అతని చేతుల్లో పెట్టాడు.

ఓబులేసు బెంబేలెత్తిపోయాడు. "అయ్యో సామీ, ఇప్పుడే కదా చేతులు కడుక్కొనింది! ఇంగ రోగులొస్తారే!"

ఆ కంగారులో పట్టు బిగించాడు. పావురం గింజుకుని, రెక్కతో అతని మొహాన ఒక్కటిచ్చి ఎగిరిపోయింది.

"సరే, పోయి మళ్ళా కడుక్కో" అన్నాడు గురువుగారు.

ఆ సోమవారం పొద్దున బండి తోలే పుల్లన్న వచ్చాడు. భార్య సుంకమ్మకు కీళ్ళ నొప్పులు. ఆమెకు మందు తీసుకుపోవడానికి ఇద్దరూ కలిసి వచ్చారు. గురువుగారు ఊరికే కూర్చున్న పుల్లన్న చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం చూసి, "ఓబులేసూ, నువ్వు చూడు" అన్నాడు.

ఓబులేసు చేతులు కడుక్కొచ్చి, ఊపిరి బిగబట్టి, మూడు వేళ్ళతో నొక్కాడు. ఏమీ తెలియలేదు. ఇంకా నొక్కాడు.

"ఏం సామీ, మీ శిష్యుడు నాడి చూస్తాండాడా, పాలు పిండుతాండాడా?" అన్నాడు పుల్లన్న.

అరుగు మీద ఉన్నవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. ఓబులేసు తల దించుకున్నాడు.

"ఏం తెలిసింది?" అని అడిగాడు బసవలింగయ్య.

"నాకేమీ తెలుస్తా లేదు సామీ. నన్ను మందు నూరుకోనీండి. ఈ చేతులకు నాడి రాదు. మా ఊరికి నేను పనికిరాను."

గురువుగారు సుంకమ్మకు మందు పొట్లం కట్టి ఇచ్చాడు. "మాపటికి ఉండండి, భజన చూసి పోదురు గానీ" అని పుల్లన్నతో అన్నాడు.

పొద్దు వాలుతుండగా భజనకు జనం చేరారు. మఠంలో మద్దెల వాయించే పెద్దాయన కూతురి ఊరికి పోయాడు. బసవలింగయ్య లోపలినుంచి మద్దెల ఎత్తుకొచ్చి ఓబులేసు ముందు పెట్టాడు. పక్కనే గిన్నెలో గుప్పెడు రవ్వ, చెంబుతో నీళ్ళు.

"దీనికి రవ్వ పెట్టు."

మద్దెల ఎడమ మూతికి తడి రవ్వ ముద్ద అంటిస్తే గానీ అది గంభీరంగా పలకదు. ఓబులేసు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నేను ముట్టను సామీ. ఒట్టుండాది."

"ఆ ఒట్టు నీ చెల్లెలు అడిగిందా?"

ఓబులేసు చూపు రవ్వ గిన్నె మీదికి పోయింది.

"నిన్ను వాయించమనలేదు. రవ్వ పెట్టమంటి, అంతే" అన్నాడు బసవలింగయ్య.

"మరి వాయించేదెవరు?"

"నేనే."

ఓబులేసు మద్దెల వంక జాలిగా చూశాడు. తాళాలతోనే పాటను అంత తిప్పలు పెట్టే మనిషి మద్దెల పట్టుకుంటే ఇంకేమన్నా ఉందా! కానీ గురువుగారి మాట. గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

రవ్వలో నీళ్ళు పోసి పిసుకుతుంటే గంగులమ్మ గుర్తుకొచ్చింది. ఇంట్లో ఈ పని ఆ పిల్లదే. ముద్ద చేసి అరచేతిలో పెట్టి, "బాగుందా అన్నా?" అని అడిగేది. మద్దెల మొదటి దెబ్బ పలకగానే చప్పట్లు కొట్టేది. ఓబులేసు కళ్ళలోంచి నీళ్ళు టపటపా గిన్నెలోకి రాలాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

ముద్దను ఎడమ మూతి మధ్యన అంటించాడు. సరిపోయిందో లేదో తట్టి చూడాలి కదా, తట్టాడు. కొంచెం ఎక్కువైంది. గోటితో గిల్లి తీసి మళ్ళీ తట్టాడు. ఈసారి మద్దెల కడుపులోంచి పలికింది.

"ఇట్ల ఇయ్యి" అని బసవలింగయ్య మద్దెల లాక్కుని మొదలుపెట్టాడు.

భయపడినంతా జరిగింది. పాడే ఆయన పల్లవి రెండుసార్లు ఎత్తుకుని రెండుసార్లూ దారి తప్పాడు. గురువుగారు ఏమాత్రం తొణక్కుండా తన ఇష్టం వచ్చినట్టు బాదుతున్నాడు. ఓబులేసు పళ్ళు బిగించి ఓర్చుకున్నాడు. తొడ మీద అతని వేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. మూడోసారి పల్లవి తడబడేసరికి ఇక ఆగలేకపోయాడు. చెయ్యి చాచి మద్దెల తన ఒళ్ళోకి లాక్కున్నాడు. బసవలింగయ్య అందుకోసమే కాచుకుని ఉన్నట్టు వదిలేశాడు.

పాట నిలబడింది. తర్వాత నడిచింది. ఆపైన పరుగెత్తింది. అరగదీసిన వేళ్ళు మండుతున్నా ఓబులేసుకు తెలియలేదు. చాలా రోజులకు అతని మొహంలో నవ్వు కనపడింది.

ఒక పాట ముగిసి ఇంకోటి ఎత్తుకునేలోపు, గురువుగారు అతని చెయ్యి పట్టుకుని మద్దెల మీద నుంచి తీసి, పక్కన కూర్చున్న పుల్లన్న మణికట్టు మీద పెట్టాడు.

రవ్వ అంటిన వేళ్ళు. కడుక్కోవాలని తోచే వ్యవధి లేదు, నొక్కాలని తోచే వ్యవధి అంతకన్నా లేదు. తేలిగ్గా ఆనాయి, మద్దెల మీద ఆనినట్టే.

ఓబులేసు తల పక్కకు వాల్చాడు. వేళ్ళ కింద ఎవరో నడుస్తున్నారు. తిన్నగా నడిచి నడిచి ఒక అడుగు తప్పిపోతున్నారు. తప్పినదాన్ని అందుకోవడానికి ఉరుకుతున్నారు. మళ్ళీ తిన్నగా నడుస్తున్నారు.

"పుల్లన్నా, గట్టు ఎక్కేటప్పుడు నీకు ఊపిరి అందదు కదా?"

పుల్లన్న మొహంలో నవ్వు ఆగిపోయింది. ఓరగా భార్య వైపు చూశాడు.

"నీకెవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. ఈడ ఒక దెబ్బ తప్పిపోతాంది. దాని కోసం మళ్ళా ఉరుకుతాంది."

"ఎన్నాళ్ళ నుంచి?" అంది సుంకమ్మ, భర్త భుజం పట్టుకుని.

"చెబితే బండి మాన్పిస్తావని చెప్పలేదే" అన్నాడు పుల్లన్న, దొంగతనం బయటపడ్డ పిల్లాడి గొంతుతో.

బసవలింగయ్య రెండో చేతి నాడి చూసి తల ఊపాడు. "భయం లేదు పుల్లన్నా. ముదరకముందే దొరికింది. మందుకు లొంగుతుంది."

ఓబులేసు తన వేళ్ళ వంక చూసుకున్నాడు. తర్వాత తలెత్తి చూరు వంక చూశాడు. గూళ్ళకు చేరిన పావురాలు రెక్కలు సర్దుకుంటున్నాయి. అక్కణ్ణుంచి చూపు తిప్పి గురువుగారి చేతుల వంక చూశాడు. పావురాన్ని ఆ చేతులు ఎంత తేలిగ్గా పట్టుకుంటాయో గుర్తుకొచ్చింది.

సుంకమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, తన చెయ్యి ముందుకు చాచింది. "నాది కూడా చూడు నాయనా."

ఓబులేసు అలవాటుగా లేచి నీళ్ళ కాగు వైపు నడిచాడు.

"యాడికి?"

"చెయ్యి కడుక్కొని వస్తా సామీ."

బసవలింగయ్య తాళాలు చేతికి తీసుకున్నాడు.

"వద్దులే. ఆ చేత్తోనే చూడు."