ఇప్పమ్మ పరుగు

అనగనగా, ఎటు చూసినా నల్లరాతి గుట్టలే ఉన్న ఒక అడవి. ఆ అడవి నడుమ గద్దకొండ అని ఒక పెద్ద కొండ. ఆ కొండ వాలులో, రెండు బండల సందున ఉన్న గుహలో ఒక ఎలుగుబంటి కుటుంబం కాపురముండేది. తల్లి పేరు ఇప్పమ్మ. తండ్రి పేరు గుట్టయ్య. వాళ్లకి ఇద్దరు పిల్లలు. పెద్దది మిణుకు, చిన్నవాడు గుబురు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో, ఒకనాడు, పరుగెత్తాలనుకున్న జంతువులన్నీ మడుగు దగ్గర చేరేవి. పొద్దు పొడవగానే బయలుదేరి, గద్దకొండ చుట్టూ తిరిగి, పొద్దు గుంకేలోపు మళ్లీ మడుగు దగ్గరికి రావాలి. దాన్ని కొండచుట్టు పరుగు అనేవాళ్లు. ఆ ఒక్కరోజు ఎవరూ ఎవరినీ వేటాడరు. ముందొచ్చినవాళ్లకి బహుమతంటూ ఏమీ లేదు. అంత దూరం తిరిగొచ్చారంటే చాలు, అడవి అంతా వాళ్లని గౌరవంగా చూసేది.

అప్పటిదాకా ఒక్క ఎలుగుబంటి కూడా ఆ పరుగులో దిగలేదు. "మనది నాలుగు అంగలేసి ఆగిపోయే ఒళ్లు. మనకెందుకు?" అనేవాళ్లు ఎలుగులు.

ఇప్పమ్మ కూడా అలాగే అనుకునేది. కానీ ఒక ఎండాకాలం అడవికి నిప్పంటుకుంది. పిల్లలిద్దరినీ వీపు మీద ఎక్కించుకుని ఇప్పమ్మ పరుగు తీసింది. ఒక గుట్ట దాటింది, ఇంకో గుట్ట దాటింది. పొగ వెనకబడిపోయింది, భయం కూడా పోయింది. అయినా ఆమెకి ఆగాలనిపించలేదు. గాలి చెవుల పక్కనుంచి పోతుంటే, కాళ్లు వాటంతటవే పడుతుంటే, ఇంకా కొంచెం దూరం, ఇంకా కొంచెం దూరం అనిపించింది. ఆ రోజు నుంచీ ఆమె మనసులో కొండచుట్టు పరుగు తప్ప ఇంకోటి లేదు.

ఒకరోజు గుట్టయ్యతో చెప్పింది. "ఏమయ్యా, ఈ ఏడు నేను పరుగులో దిగుదామనుకుంటున్నా."

గుట్టయ్య చెదలపుట్ట తవ్వుతున్నవాడు తల ఎత్తి చూశాడు. "నువ్వా? వానాకాలం ముందుంది. పిల్లలు చిన్నవాళ్లు. ఎప్పుడు పరుగెత్తుతావు?"

"పొద్దున్నే వెళ్లి వచ్చేస్తా. నువ్వు కాసేపు పిల్లల్ని చూసుకోవూ?"

"చూస్తాలే" అన్నాడు గుట్టయ్య. మళ్లీ పుట్ట తవ్వుకోవడంలో పడ్డాడు.

పరుగంటే ఆ అడవిలో అందరికీ గుర్తొచ్చేది ఎర్రన్న. ఎర్రన్న రేచుకుక్క, అంటే అడవికుక్క. ఏటా కొండ చుట్టి వచ్చేవాడు. పెళ్లాం పిల్లలు లేరు, ఒంటివాడు. ఇప్పమ్మ అతని దగ్గరికి వెళ్లి, ఎలా సాధన చెయ్యాలో చెప్పమంది.

ఎర్రన్న ఆమెని పైనుంచి కిందకి చూశాడు. నవ్వలేదు. "అక్కా, ఒకటే మాట చెప్తా. రోజూ పరుగెత్తాలి. వానైనా, ఎండైనా, ఒంట్లో బాగున్నా, లేకపోయినా. ఒక్కరోజు మానేశావంటే కాళ్లు మరిచిపోతాయి."

ఇప్పమ్మ ఆ మాటని గట్టిగా పట్టుకుంది. మొదటి రోజుల్లో అంతా బాగానే సాగింది. తెల్లవారుతూనే లేచేది, వాగు దాటి అవతలి గుట్ట దాకా వెళ్లి వచ్చేది. వచ్చేసరికి పిల్లలు ఆవలిస్తూ లేచేవాళ్లు.

తర్వాత వానలు పడ్డాయి. నేరేడు పళ్లు రాలడం మొదలైంది. ఒకరోజు గుబురు పచ్చికాయలు తినేసి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు. ఇప్పమ్మ వాడి పొట్ట నిమురుతూ కూర్చుంది. వెళ్లలేకపోయింది. బయట వాన వెలిసి ఎండ కాస్తుంటే ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. పోయిన రోజుని పూడ్చాలని మర్నాడు రెండింతల దూరం పరుగెత్తింది. తిరిగొచ్చేటప్పుడు వెనక కాలు పట్టేసింది. కుంటుకుంటూ ఇల్లు చేరింది.

ఇంకోరోజు జోరు వాన. బురదలో జారి బండ మీద పడింది. భుజం దోక్కుపోయింది. అది నొక్కుకుంటూ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. గుట్టయ్య ఒంటరిగా తిండి వెతకడానికి వెళ్లలేక, పిల్లల్ని వదల్లేక, గుహ ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"పొద్దున్నే వచ్చేస్తానన్నావు" అన్నాడు.

"వాన పడితే నేనేం చెయ్యను?" అంది ఇప్పమ్మ.

గుట్టయ్య తిండి వెతకడానికి వెళ్లిపోయాడు.

అలా ఉండగా ఒకరోజు గుట్టయ్య పొద్దున్నే తేనె వెతకడానికి బయలుదేరాడు. "పై కొండల మీద మబ్బు పట్టింది. నేను వచ్చేదాకా పిల్లల్ని వదిలి కదలకు. పొద్దెక్కేలోపు వచ్చేస్తా" అని చెప్పి వెళ్లాడు.

ఇప్పమ్మ ఎదురుచూసింది. పొద్దెక్కింది. గుట్టయ్య రాలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. అయినా రాలేదు. ఇక్కడ వాన చుక్క లేదు, చల్లటి గాలి వీస్తోంది. పరుగుకి అంతకంటే మంచి పూట ఉండదు. ఆమె చెవిలో ఎర్రన్న మాట గింగురుమంటోంది.

"ఇదిగో, ఇలా వెళ్లి అలా వచ్చేస్తా. మీరు గుహ దాటి బయటికి రావద్దు" అని పిల్లలతో చెప్పింది.

మిణుకు అమ్మ మొహం వంక చూసింది. "నాన్న కదలొద్దన్నాడుగా?"

"నాన్న వచ్చేలోపే వచ్చేస్తా" అంది ఇప్పమ్మ. బయలుదేరింది.

వాగులో నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. దాటింది. అవతలి దారిలో ఆమె ఎన్నడూ అంత బాగా పరుగెత్తలేదు. ఊపిరి తేలిగ్గా అందుతోంది. గుట్ట ఎక్కి దిగింది. ఇంకొంచెం అని ముందుకి వెళ్లింది. పై కొండల మీద ఉరుములు వినబడ్డాయి. అప్పుడు ఆగి, వెనక్కి తిరిగింది.

వాగు చేరేసరికి అక్కడ ఇందాకటి వాగు లేదు. ఎర్రటి నీళ్లు ఒడ్డుల నిండా పారుతున్నాయి. విరిగిన కొమ్మలు, దుంగలు కొట్టుకొస్తున్నాయి. ఇంటి వైపు ఒడ్డున ఒక రాయి మీద పిల్లలిద్దరూ నిలబడి ఉన్నారు. అమ్మ రాకపోయేసరికి వెతుక్కుంటూ వచ్చారు. రాయి చుట్టూ నీళ్లు చేరుతున్నాయి.

ఇప్పమ్మ గొంతు చించుకుని అరిచింది. "చెట్టెక్కండి. మిణుకూ, తమ్ముణ్ణి ముందు ఎక్కించు."

వెనకే ఒక మద్దిచెట్టు ఉంది. మిణుకు తమ్ముణ్ణి తలతో నెడుతూ ఎక్కించింది. తర్వాత తను ఎక్కింది. ఇద్దరూ ఒక కొమ్మని కరుచుకుని కూర్చున్నారు. కాసేపటికి రాయి మునిగిపోయింది.

ఇప్పమ్మ నీళ్లలోకి దూకింది. వరద ఆమెని గడ్డిపోచలా తిప్పి, మళ్లీ తనున్న ఒడ్డుకే విసిరేసింది. తల ఎత్తి చూసేసరికి మిణుకు భయపడి, అమ్మ కోసం చెట్టు దిగుతోంది.

"దిగకు. నేను బాగానే ఉన్నా. ఇదిగో, కూర్చున్నా చూడు" అంటూ ఇప్పమ్మ ఒడ్డున కూర్చుంది.

ఆమె కూర్చుంటేనే మిణుకు మళ్లీ పైకి ఎక్కింది. ఆమె లేచి అటూ ఇటూ కదిలితే చాలు, పిల్ల కాలు కిందికి జారుతోంది. ఇంకేం చేస్తుంది? పిల్లలకి కనబడేలా ఆ ఒడ్డునే కదలకుండా కూర్చుంది. వాన ఇక్కడా మొదలైంది. గుబురు ఏడుపు నీళ్ల హోరులో వినబడటం లేదు. వాడి నోరు తెరుచుకుని ఉండటం మాత్రం కనబడుతోంది.

చాలాసేపటికి గుట్టయ్య వచ్చాడు. గుహలో పిల్లలు లేకపోయేసరికి వాసన పట్టుకుంటూ వాగు దాకా వచ్చాడు. మెడ లోతు నీళ్లలో నడిచి, చెట్టెక్కి, ఇద్దరినీ వీపు మీద వేసుకుని గట్టు మీదికి చేర్చాడు. అవతల ఉన్న ఇప్పమ్మ వంక ఒకసారి చూశాడు. పిల్లలతో ఇంటి దారి పట్టాడు. వరద తగ్గి ఆమె ఇల్లు చేరేసరికి పొద్దు గుంకుతోంది.

ఆ వానకి మిణుకుకి జ్వరం వచ్చింది. కొన్నాళ్లు దగ్గుతూనే ఉంది. ఇప్పమ్మ దాన్ని పొట్టకి హత్తుకుని పడుకునేది. పరుగు మానేసింది. పొద్దున్నే మెలకువ వచ్చినా లేచేది కాదు, గుహ గోడ వైపు తిరిగి పడుకునేది. మిణుకు కోలుకుని ఆటల్లో పడింది. ఇప్పమ్మ మాత్రం పిల్లలు పిలిచినా రెండోసారి పిలిస్తే గానీ పలకడం లేదు.

గుట్టయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఒకరోజు ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు.

"పరుగు ఎందుకు మానేశావు?"

ఇప్పమ్మకి కోపం వచ్చింది. "నువ్వు మానమన్నావుగా."

"నేనా? ఎప్పుడన్నాను?" అన్నాడు గుట్టయ్య. "నేను వచ్చేదాకా ఆగమన్నాను. అంతే."

ఇప్పమ్మ అతని వైపు తిరిగింది. తర్వాత మెల్లగా అంది. "నేను ఆగలేదు. అది నా తప్పే. కానీ నువ్వు కూడా వస్తానన్న వేళకి రాలేదయ్యా. ఎప్పుడూ రావు. నేనే ఎదురుచూస్తూ ఉండాలి."

గుట్టయ్య మట్టిలో గోరుతో గీశాడు. "ఆ రోజు తేనెపట్టు దొరికింది. తింటూ పొద్దు మరిచిపోయా. నిజమే" అన్నాడు.

ఇద్దరూ ఆ రోజు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎవరు ఎప్పుడు బయటికి వెళ్లాలి, ఎప్పటికి రావాలి అని అనుకున్నారు. చెప్పిన వేళకి రావడం గుట్టయ్య వంతు. అతను వచ్చేదాకా ఉండటం ఇప్పమ్మ వంతు. వానాకాలం పోయేదాకా వాగు దాటకూడదని మాత్రం ఇద్దరూ అనుకున్నారు.

ఆ తర్వాత ఇప్పమ్మ సాధన వేరుగా సాగింది. గుట్టయ్య ఇంట్లో ఉన్న పూట వాగు ఇవతలి దారిలోనే పరుగెత్తేది. వాన పడుతుండగా గుట్టయ్య బయట ఉంటే, పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని గుహ ముందున్న వాలు ఎక్కేది, దిగేది. తడిసిన బండల మీద గోళ్లు ఎలా ఆనించాలో పాదాలకి అలవాటైంది. పిల్లలకి అది ఆట. "ఇంకోసారమ్మా" అని వాళ్లే అడిగేవాళ్లు. ఏదీ కుదరని రోజులూ ఉండేవి. ముసురు పట్టి నలుగురూ గుహలోనే కూర్చున్న రోజులు, పిల్లలకి ఒంట్లో బాగోని రోజులు. ఆ రోజుల్ని ఇప్పమ్మ వదిలేసేది. మర్నాడు రెండింతలు పరుగెత్తి పూడ్చుకోవాలని చూసేది కాదు.

ఎర్రన్న ఒకసారి అటుగా వచ్చి చూశాడు. "ఇది చాలదక్కా" అన్నాడు.

"చాలకపోవచ్చు ఎర్రన్నా. నాకు కుదిరేది ఇంతే" అంది ఇప్పమ్మ.

పరుగు రోజు రానే వచ్చింది. ఎక్కడో తుఫాను పట్టిందేమో, పొద్దుటి నుంచీ సన్నగా తుంపర. పొద్దు పొడవగానే ఎర్రన్న, దుప్పులు, తోడేళ్లు బాణాల్లా దూసుకుపోయారు. ఇప్పమ్మ వెనకబడింది. మధ్యాహ్నానికి ఆమె ముందూ ఎవరూ కనబడలేదు, వెనకా కనబడలేదు. గుండెలు మండిపోతున్నాయి. కొంతదూరం నడిచింది. ఆగిపోదామా అని కూడా అనుకుంది. తిరిగి ఇంటికి వెళ్లాలన్నా ముందుకే వెళ్లాలి కదా అని మళ్లీ కదిలింది.

కొండ వెనక వైపు దారి నిట్టనిలువు బండల మీదుగా పోతుంది. తుంపరకి అవి జారుడుగా ఉన్నాయి. అక్కడ కుర్ర దుప్పులు రెండు అడుగు వెయ్యలేక నిలబడిపోయాయి. ఇప్పమ్మ బండ మీద గోళ్లు ఆనించింది. వీపు మీద ఇద్దరు పిల్లలతో వానాకాలమంతా ఎక్కిన కాళ్లవి. ఈ రోజు వీపు మీద బరువు కూడా లేదు. ఆగకుండా ఎక్కేసింది. పైనుంచి వంగి, ఎక్కడ కాలు పెట్టాలో దుప్పులకి కూడా చెప్పింది.

పొద్దు గుట్టల అంచుని తాకే వేళకి మడుగు కనబడింది. ఎర్రన్న ఎప్పుడో వచ్చేసి పడుకుని ఉన్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. అతన్ని చూసి మిగతా జంతువులు కూడా లేచాయి. ఇప్పమ్మ మడుగు ఒడ్డుకి వచ్చి, ముందు కాళ్లు నీళ్లలో పెట్టి, అలాగే కూలబడిపోయింది. మిణుకు, గుబురు వచ్చి మీద పడ్డారు. గుట్టయ్య కూడా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున ఇప్పమ్మ లేవలేకపోయింది. ఒళ్లంతా పుండులా ఉంది.

"పడుకో. తిండి నేను తెస్తా. పొద్దెక్కేలోపు వచ్చేస్తా" అన్నాడు గుట్టయ్య. గుహ ముంగిటి దాకా వెళ్లి, వెనక్కి వచ్చాడు. నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"ఏమిటయ్యా?" అంది ఇప్పమ్మ.

"వచ్చే ఏడు నేను కూడా పరుగెత్తనా? నా ఒంటికి అవుతుందంటావా?"

ఇప్పమ్మ అతని పెద్ద పొట్ట వంక చూసింది. నవ్వు రాబోతే ఆపుకుంది.

"ఎందుకు కాదు? రేపటి నుంచే మొదలుపెట్టు. నువ్వు వచ్చేదాకా పిల్లల దగ్గర నేనుంటా" అంది.

నీతి: ఇష్టమైన పని కోసం ఇంటివాళ్లని మరిచిపోకూడదు, ఇంటి కోసం ఆ ఇష్టాన్ని చంపుకోనూ అక్కర్లేదు, ఒకరు వెళ్లినప్పుడు ఇంకొకరు ఉండి, ఇచ్చిన మాట ఇద్దరూ నిలుపుకుంటే రెండూ సాగుతాయి.