ఆఫీసరు వచ్చేదాకా ఆర్పని మంట

తుమ్మలమిట్ట వాళ్ళంత తెలివిగలవాళ్ళు చుట్టుపక్కల ఏడూళ్ళలో లేరు. ఈ మాట చెప్పింది కూడా తుమ్మలమిట్ట వాళ్ళేలెండి. అందులో మరీ తెలివిగలది ఓబక్క. "నాకు ఒక్కసారి చెబితే చాలు, చెప్పింది చెప్పినట్టు చేస్తా" అని తెగ గొప్పలు పోయేది.

ఓబక్క గుడిసె కప్పు చివికిపోయింది. వానలొచ్చేలోగా కొత్త గడ్డి కప్పకపోతే మంచంతో సహా తడిసి ముద్దే. ఆ గడ్డేమో ఊరి పక్క కొండమీద ఉంది. ఆ కొండమీదుగానే కరెంటు తీగలు బట్టలారేసే తాళ్ళలా కిందికి జారి వేలాడుతున్నాయి. గాలి లేస్తే తీగలు ఒరుసుకోవడం, నిప్పురవ్వలు రాలడం, కొండ తగలబడ్డం... ఎండాకాలమొస్తే ఇదే భాగోతం.

ఓబక్క ఊరిపెద్ద గుర్రప్పను వెంటబెట్టుకుని కరెంటాఫీసుకు పోయింది. "సామీ, మా గడ్డి కాలిపోతాది. ఆ తీగలు కాస్త పైకి లాగించండి."

ఆఫీసరు ఫైల్లోంచి తలెత్తితేగా! "తీగ కింద గడ్డి పెట్టుకుంటే కాలక ఏం చేస్తుంది? కింద గడ్డి లేకుండా చూసుకోండి, పొండి."

అంతే! ఊరంతా కొడవళ్ళు పట్టుకుని కొండెక్కింది. కరెంటు లేని వేళ చూసుకుని, అదేమంత వెతుక్కోవాల్సిన పనిలెండి, తీగ కింద గడ్డంతా కోసేశారు. మరి కోసింది ఎక్కడ పెట్టాలి?

"కింద ఉండకూడదన్నాడు గదా, పైనేద్దాం" అంది ఓబక్క.

"ఎంత బుర్రమ్మా నీది!" అని గుర్రప్ప నోరెళ్ళబెట్టాడు. మోపులన్నీ పంగలకర్రలతో ఎత్తి తీగలమీద వేశారు.

ఇంకేముంది, కరెంటొచ్చింది. మోపులు భగ్గున అంటుకుని దబదబా కింద పడ్డాయి. కింద కోసేసిన నేల కాబట్టి మంట పాకలేదు, బతికిపోయారు. గుర్రప్ప కరెంటాఫీసుకు ఫోన్ చేశాడు.

"వస్తున్నా. నేనొచ్చి చూసేదాకా అక్కడ ఉన్నది ఉన్నట్టు ఉంచండి" అన్నాడు ఆఫీసరు.

"విన్నారా? మంట ఉన్నది ఉన్నట్టే ఉండాలంట!" అని ఓబక్క కొంగు బిగించింది. కర్ర పట్టి మంట ఎత్తు కొలిచింది. జానెడు పెరిగితే వేపమండలతో బాదడం, జానెడు తగ్గితే గడ్డి వెయ్యడం. ఆఫీసరు ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. కొండమీది గడ్డంతా కోసి తెచ్చి వేస్తూనే ఉన్నారు. "అయ్యో, నా కప్పుకని దాచుకున్న గడ్డే!" అని ఓబక్క ఏడుస్తూనే వేసింది. మాటంటే మాటే మరి.

నాలుగోరోజు జీపొచ్చింది. ఆఫీసరు దిగి, మంట పొగకు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని బోడికొండను ఎగాదిగా చూశాడు. "కొండమొత్తం మీద గడ్డిపరకైనా లేదు. కాలడానికి ఏముందిక్కడ? తీగలు మార్చాల్సిన పనే లేదు" అని మళ్ళీ జీపెక్కబోయాడు.

ఓబక్క జీపుకు అడ్డం పడింది. "అయ్యో, ఎందుకు లేదు సామీ! ఒక్క నిమిషం ఆగండి, చూపిస్తా!" అని పరుగున కొండ దిగింది. గుడిసె ఎక్కింది. కప్పంతా పరపరా పీకి, మోపు కట్టి, రొప్పుకుంటూ తెచ్చి మంటలో పారేసింది.

"చూశారా సామీ, ఎంత బాగా కాలుతోందో!" అని చప్పట్లు కొట్టింది.