గుర్నాథం నక్క తాగిన దొప్పెడు నీళ్ళు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నా నోట్లో మిగిలిన ఆ రెండు పళ్ళూ ఊడి నీ ఒళ్ళో పడాలి, బుల్లెమ్మా!

సింహం కొలువులో గుర్రాలకొండ అడవికి ఒకటే కుర్చీ. ఆరేళ్ళకోసారి ఎన్నిక. ఆ కుర్చీలో గుర్నాథం అనే నక్క కూర్చుని కూర్చుని తోకకి కాయ కాచింది. ఈసారి పోటీకి దిగినవాడు పోలయ్య అనే అడవిదున్న. రోజుకి మూడు మాటలు మాట్లాడితే అందులో రెండు “ఊఁ”లే.

అక్కడో ఆచారం. ఓటడగ వచ్చినవాడు గుమ్మంలో ఏం పెడితే అది పుచ్చుకోవాలి. వద్దన్నాడా, ఆ పేట ఓట్లన్నీ గోవిందా! గుర్నాథం కోతులపేటలో ఏడొందల అరటిపళ్ళు, ఎలుగులపేటలో ఏడు కుండల తేనె మింగి, పొట్ట నేలకి రాసుకుంటూ పల్లపు మడుగుకి వచ్చాడు.

అక్కడుండేది మాణిక్యమ్మ అనే ముసలి తాబేలు. పైన వాగుకి బండ అడ్డం పడి ఆరేళ్ళు. మడుగు ఎండిపోయి, పిల్లలు బురదలో కొట్టుకుంటున్నారు. “గెలిచిన మర్నాడే బండ తీయిస్తా” అని కిందటిసారి ఒట్టేసింది గుర్నాథమే. ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, మళ్ళీ ఇటు తొంగిచూస్తే ఒట్టు.

“అత్తా, ఈసారీ నీ ఓటు నాకేగా?”

“నీక్కాక ఇంకెవరికి, అల్లుడూ! ఎండనపడి వచ్చావు, గుక్కెడు నీళ్ళు తాగు.” మోదుగాకు దొప్పనిండా బురద తెచ్చి ముందు పెట్టింది.

గుర్నాథం మీసాలు వేలాడిపోయాయి. “ఇప్పుడు దాహం లేదత్తా. రేపు తాగుతా.”

“సరే, రేపే తాగు. పోలింగు ఇక్కడేగా! అడవంతా చూస్తుంది.”

ఇంకేముంది, తాగితే బురద, వద్దంటే ఓట్లు గోవిందా, కుడితిలో పడ్డ ఎలుకయ్యాడు! చుట్టాలు నలభై నక్కల్ని వెంటేసుకుపోయి బండకి భుజం ఆనించాడు. ఏనుగంత బండ. ఉహుఁ, ఏనుగుల మందంత! పొద్దుగూకేలోగా దొర్లింది. వాగు బుసకొడుతూ దూకి మడుగు నింపేసింది. పిల్ల తాబేళ్ళు ఈతలే ఈతలు!

మర్నాడు గుర్నాథం అందరి ముందూ దొప్పెడు నీళ్ళు గటగటా తాగి, “చూశారా, నా మాటంటే మాటే!” అని మూతి తుడుచుకున్నాడు.

ఆ అడవిలో ఓటంటే నచ్చినవాడి వెనక నిలబడడమే. తిరిగి చూస్తే తన వెనక ఆ నలభై నక్కలే, అవీ ఒళ్ళునొప్పులతో మూలుగుతూ. మిగతా అడవంతా, చీమలతో సహా, పోలయ్య వెనక.

“అత్తా! నేను తెచ్చిన నీళ్ళు తాగి వాడికి ఓటేస్తావా?”

“ఇన్నాళ్ళూ నీ చేత కాదేమో అనుకుని జాలిపడ్డాం, అల్లుడూ. ఒక్కపూట పనికి ఆరేళ్ళు ఎండబెట్టావని నిన్ననే తెలిసింది.”

పోలయ్య “ఊఁ” అన్నాడు.

ఓటడిగేటప్పుడే నాయకుడి వీపు వంగుతుంది. మన మూట అప్పుడే దానిమీదికి ఎత్తాలి.

లే, బిందె తీసుకుని వీధి కుళాయికి పరుగెత్తు. మనకీ ఎల్లుండే ఎన్నికలు, ఇవాళ నీళ్ళు దండిగా వస్తాయి!