సొంత నిప్పు నోము కథ

“పెద్దింటి పొగ లేవకముందే సుంకమ్మ పొయ్యి ముట్టించిందంట. దానికి కండ్లు నెత్తికెక్కినాయంట” అని పక్కింటి ఎల్లమ్మ నీళ్లరేవులో అనెనట. ఆ మాటను పశులకాపరులు విని అడవికి మోసుకొనిపోయిరట. అడవిలో తపస్సు చేసికొను శంఖపాదుడను ముని అది విని ఆశ్చర్యపడి, తృణకేతు మహామునిని సమీపించి నమస్కరించి, “స్వామీ! ఒక పొయ్యి ముందుగా వెలిగినంత మాత్రమున ఊరంతయు ఎందులకు మండిపడెను? ఆ సుంకమ్మ ఎవరు? ఆమెకు తర్వాత ఏమి జరిగెను?” అని అడిగెను.

తృణకేతు ముని కన్నులెర్రచేసి, కమండలము పక్కన పెట్టి, ఇట్లు చెప్పసాగెను. అక్షతలు చేతబట్టిన అమ్మలారా, అయ్యలారా, మీరును వినుడు.

రాళ్లవంక అను ఊరు గలదు. ఆ ఊరిలో ఒక ఆచారము గలదు. ఊరి నడుమ ఎత్తున పెద్దింటివారి మేడ. ఉదయమున ఆ ఇంటి కప్పు మీద పొగ కనబడువరకు మరి ఏ ఇంటను పొయ్యి ముట్టించరాదు. ఇంటింట చెకుముకిరాయి ఉండెను. కట్టెలుండెను. నూకలుండెను. ఆకలియు ఉండెను. అయినను ఆడవారందరు కుండలో ఎసరు పోసి, వాకిట నిలిచి, మెడలు సాచి ఆ కప్పు వంక చూచెడివారు. పెద్దింటి కోడళ్లు పొద్దెక్కువరకు పండుకొనెడివారు. ఇదెక్కడి ఆచారమని అడిగినచో, ఎప్పుడో ఒక వానలకాలమున ఊరిలోని కట్టెలన్నియు తడిసిపోగా, పెద్దింటి ముత్తవ్వ తన కొంగు చాటున నిప్పు కాపాడి అందరికి పంచెనని చెప్పుదురు. ఆ మహాతల్లి పంచినది నిప్పు. వీరు దాచుకొన్నది భయము.

ఆ ఊరి చివర ఓబులేసు అను రాళ్లు కొట్టువాడును, అతని భార్య సుంకమ్మయు ఉండిరి. వారికి లేకలేక పుట్టిన బిడ్డ చిన్నక్క. ఆ బిడ్డకు విషజ్వరము వచ్చి తగ్గెను గాని ఒంట ప్రాణము నిలువదాయెను. వైద్యుడు వచ్చి చూచి, తెల్లవారగనే వేడి జావ కడుపున పడినగాని ఈ బిడ్డ దక్కదని చెప్పి పోయెను. సుంకమ్మ ఇటు బిడ్డను చూచెను, అటు పెద్దింటి కప్పును చూచెను. పొగ లేదు. ఆమె చెకుముకిరాయి తీసి కొట్టి, పొయ్యి ముట్టించి, జావ కాచి పోసెను. నాలుగు పూటలు గడవకముందే చిన్నక్క లేచి కూర్చుండెను. గోడ పట్టుకొని నడిచెను. ఓబులేసు కడుపు నిండి పనికి పోవుటచే అతని చేతికి బండలు లొంగెను. బర్రె నిండుగ పాలు చేపెను.

అంతట ఎల్లమ్మ ఆ మాట అనెను. ఆ మాట రేవు నుండి రచ్చకు ఎక్కెను. పెద్దింటి చెన్నప్ప ఓబులేసును పిలిపించి, “ఊరిదంతా ఒక తీరు, నీ పెండ్లానిది ఒక తీరా?” అని అడిగెను. బిడ్డకు బాగులేదప్పా అని ఓబులేసు చెప్పుకొనెను. “ఎవురింట్లో లేరు బిడ్డలు? మేమంతా కనలేదా?” అని అక్కడి ఆడవారే అనిరి. ఆనాటి నుండి సుంకమ్మకు బావి వద్ద చోటు ఇయ్యరైరి. ఓబులేసుతో బండ ఎత్తుటకు ఎవరును రారైరి. అతడు ఇంటికి వచ్చి, “మనకెందుకుమే ఈ యవ్వారం, అందరితో పాటు పోదాం” అని తల పట్టుకొని కూర్చుండెను. సుంకమ్మ పాపము భయపడెను. భయపడి, మండుచున్న పొయ్యిలో తన చేతితోనే నీళ్లు పోసెను. ఊరు సంతోషించెను. ఎల్లమ్మ ఆమెకు పూలు తెచ్చి తలలో పెట్టెను. ఆ పూలు పెట్టిన చేతులను ఏమనవలెనో నాకు తెలియకున్నది.

పిమ్మట ఏమాయెననగా, ఓబులేసు ఖాళీ కడుపుతో కొండకు పోయి, కండ్లు తిరిగి బండ మీది నుండి జారి కాలు విరుగగొట్టుకొనెను. బర్రె వట్టిపోయెను. చిన్నక్క మరల చాప మీద పడెను. ప్రతి ఉదయమును ఆ బిడ్డ కండ్లు తెరువలేక, “అమ్మా, పొగొచ్చిందా?” అని అడిగెడిది. “ఇంకా రాలేదమ్మా” అని తల్లి చెప్పెడిది. ఒక ఉదయమున ఆ బిడ్డ అడుగుటయు మానెను.

అప్పుడు అగ్గితల్లి ముసలి అవ్వ రూపమున ఆ వాకిటికి వచ్చెను.

“కడుపు కాలతాంది తల్లీ. ఇంత వేడి గంజి పొయ్యమ్మా.”

“ఇంకా పొగ లేవలేదవ్వా.”

“ఎవురి పొగ?”

“పెద్దింటిది.”

“ఆకలి ఎవురిదమ్మే? నీ బిడ్డదా, పెద్దింటిదా?”

సుంకమ్మకు ఒళ్లు మండెను. అవ్వ మీద కాదు, తన మీద. లోపలికి పోయి రాయి కొట్టి పొయ్యి ముట్టించి, మొదటి గరిట బిడ్డకును, రెండవ గరిట అవ్వకును పోసెను. అవ్వ తాగి, మూతి తుడుచుకొని, నోము చెప్పి మాయమాయెను. శ్రావణ శుక్రవారమున పొయ్యి అలికి, పసుపు బొట్లు పెట్టి, సొంత రాయితో నిప్పు చేసి, ఇంటిలో ఆకలిగొన్నవారికి మొదట పెట్టి, ఆ దినమంతయు ఒకరి ఇంటి కప్పు వంక చూడకుండుటయే ఆ నోము. వాయనముగా చెకుముకిరాయి ఇయ్యవలెను. పుచ్చుకొనునది ముత్తైదువయే కానక్కరలేదు, చేతులుండిన చాలును.

సుంకమ్మ అట్లే చేసెను. చిన్నక్క లేచెను, ఓబులేసు కాలు అతికెను, బర్రె మరల చేపెను. ఊరివారు ఓర్వలేక వచ్చి ఆమె పొయ్యిలో కడివెడు నీళ్లు కుమ్మరించి పోయిరి. ఆమె పొయ్యి ఆరబెట్టుకొని మరల ముట్టించెను.

ఇట్లుండగా పెద్దింటి ముసలామె కాలము చేసెను. కర్మ తీరువరకు చావు ఇంట పొయ్యి రాజవేయరాదు గదా! పెద్దింటి కప్పు మీద పొగ లేదాయెను. కావున సుంకమ్మ తప్ప ఊరిలో ఎవరును పొయ్యి ముట్టించరైరి. పెద్దింటివారికి పొరుగూరి చుట్టాలు గంపలతో అన్నము తెచ్చిరి. వారు తినిరి. ఊరివారు పచ్చిపిండి బుక్కి, నానిన శనగలు నమలి, కడుపులు పట్టుకొని, అయినను మెడలు సాచి ఆ కప్పునే చూచుచుండిరి. ఎల్లమ్మ ఇంట కూతురు పచ్చి బాలింత. వేడినీళ్లు లేవు, వేడి కూడు లేదు. ఆ పిల్లకు చలి పుట్టి పండ్లు కరుచుకొనెను. ఎల్లమ్మ చేతిలో చెకుముకిరాయి ఉండెను. కొట్టుటకు చేయి రాదాయెను. నలుగురేమనుకొందురోనని కన్నకూతురిని చలికి అప్పగించిన చేయి అది! తుదకు ఏడ్చుచు సుంకమ్మ వాకిటికి పరుగెత్తి వచ్చెను. సుంకమ్మ వేడినీళ్ల కడవ ఎత్తి ఇచ్చి, ఎల్లమ్మ పిడికిలి పట్టి ఆమె రాయిని ఆమె చేతనే కొట్టించెను. ఆ బాలింత బ్రతికెను.

శంఖపాదా, ఈ నోము ఎవరెవరు పట్టవలెననగా చెప్పెదను. ఇరుగుపొరుగుకు జంకి బిడ్డను పస్తు పెట్టినవారు పట్టవలెను. పక్కింటి పిల్లవాడు చదివినదే చదువుమని తమ బిడ్డ వీపు వంచువారు తప్పక పట్టవలెను. ఊరి మాటకై మనసు చంపుకొని తల ఊపినవారు, మగడు లేనిదని మూలకు నెట్టబడినవారు, వారిని నెట్టినవారు, అందరును పట్టవచ్చును. పట్టినవారి ఇంట వేళకు కూడు ఉడుకును. బిడ్డలు తల్లి మొగము చూచి పెరుగుదురు. మెడనొప్పి రాదు. పట్టి, నలుగురికి వెరచి మధ్యలో విడిచినవారికి మాత్రము పొయ్యి మీద ఎసరు కాగదు. కథ చదువువారు సుంకమ్మ చివరి మాటతోనే ఆపవలెను.

ఆ మాట ఎట్టిదనగా, ఎల్లమ్మ ఇంట పొగ చూచి ఊరంతయు సుంకమ్మ వాకిటికి వచ్చెను. చెన్నప్ప ముందు నిలిచి చేతులు జోడించి, “తప్పయిపాయ తల్లీ. రేపట్నుంచి పెద్దింటి మర్యాద నీకే ఇస్తన్నాం. నీ ఇంటి పొగ చూసే ఊరంతా పొయ్యి ముట్టిస్తాది” అనెను. అందరును అవునవుననిరి.

సుంకమ్మ వారి చేతులలోని చెకుముకిరాళ్లను చూచెను.

“నా ఇంటి కప్పు చూసేదానికి కండ్లుండాయి గానీ, ఆకలితో పండుకున్న మీ బిడ్డల మొగం చూసేదానికి లేవారా మీకు?”