అడిగినవాళ్ళందరికీ సరేనన్న వరహాలమ్మ

"వద్దనడం రాని మనిషికి వద్దనడం ఎలా నేర్పాలి మాస్టారూ?" అని సుభాషిణి అడిగింది. మస్తాన్ మాస్టారు జవాబు చెప్పలేదు. అది ఆయనకు కొత్తేం కాదు. తణుకులో ఒకప్పుడు టైపు నేర్పి, టైపు మిషన్లు మూలపడ్డాక అదే మేడమీద గదిలో కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టిన మనిషి ఆయన. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఏదైనా అడిగితే కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పనిలో పడిపోయేవారు. జవాబు ఆ రోజో మర్నాడో ఎవరో ఒకరి చంకలో కంప్యూటరుగా మెట్లెక్కి వచ్చేది. ఈసారి మాత్రం అది వచ్చేలోగా ఒక పసిపిల్ల పస్తు పడుకుంది. అందుకే ఈ సంగతి చెప్పుకోవాలి.

సుభాషిణికి ముప్పై దాటాయి. పని నేర్చుకుని సొంత ఊళ్ళో షాపు పెట్టుకోవాలని ఆమె ఆశ. చురుకైన మనిషి, చేతిలో పడ్డ జబ్బు గంటలో కుదర్చకపోతే ఆమెకి తోచదు. ఆ మధ్యాహ్నం మాస్టారు ఎక్కడో ప్రింటరు చూడటానికి వెళ్ళిన సమయంలో వరహాలమ్మ అనే పెద్దావిడ, లాప్‌టాప్‌ని పసిబిడ్డలా తువ్వాలులో చుట్టి పట్టుకుని వచ్చింది.

"ఎంతకీ తెరుచుకోవట్లేదమ్మా పేజీ. గుండ్రంగా తిరుగుతానే ఉంటది," అంది ఆవిడ. "ఐదింటికి మా మనవరాలు ఇందులోనే కనబడుద్ది. అది తెరుచుకునేసరికి పుణ్యకాలం కాస్తా అయిపోతంది."

మనవరాలి పేరు మోక్షిత, ఐదేళ్ళది. విశాఖలో ఒక ఆసుపత్రిలో, బయటివాళ్ళని అడుగుపెట్టనివ్వని వార్డులో ఉంది. పక్కన తల్లి ఒక్కతే. వార్డులోకి ఫోన్లు కూడా తీసుకెళ్ళకూడదు. మిగతావాళ్ళు సాయంత్రం ఐదింటి నుంచి అరగంటసేపు ఆసుపత్రివాళ్ళ పేజీలో పిల్లని చూసి మాట్లాడుకోవచ్చు. మందుల వేడికి ఆ పిల్లకి అన్నం పేరు చెబితేనే వెగటు. ఇక్కడ అమ్మమ్మ పప్పన్నం కలిపి, ముద్ద చేసి తెర ముందు పెడితేనే అక్కడ నోరు తెరిచేది. తల్లి ఆ నోట్లో అక్కడి ముద్ద పెట్టేది. మొత్తం రోజులో ఆ పిల్ల కడుపులో పడే అన్నం అదే. ఇప్పుడు పేజీ కదలక సగం ముద్దలు చేతిలోనే ఉండిపోతున్నాయి.

విన్న సుభాషిణి లాప్‌టాప్ ముందుకి లాక్కుంది. వెంటనే పనిలోకి దిగింది. ఇంటర్నెట్ తప్పేమోనని షాపులో వేరే కంప్యూటరులో అదే పేజీ తెరిచింది, చక్కగా వచ్చింది. లాప్‌టాప్ ఒంట్లోనూ రోగం లేదు. బ్రౌజర్ తెరిచాక తెలిసింది అసలు సంగతి. తెర మూల నుంచి ఒకదాని మీద ఒకటి కబుర్లు ఊడిపడుతున్నాయి. రాశిఫలాలంట, చీరల తగ్గింపంట, బట్టతలకి నూనెంట. పైన పట్టీ నిండా ఎక్స్‌టెన్షన్లనే ఎవరెవరివో సహాయకులు చేరి కూర్చున్నారు. ఏ పేజీ తెరవాలన్నా ఈ బలగాన్నంతా వెంటేసుకుని కదలాలి.

"ఇవన్నీ ఎవరు పెట్టారండీ ఇందులో?"

"ఎవరూ పెట్టలేదమ్మా, ఆళ్ళే వచ్చారు. మీకు కబుర్లు పంపుకోవచ్చా అని ఒకరు, మీ దగ్గరే ఉండొచ్చా అని ఒకరు. అడిగారు కదమ్మా మరి, సరే అన్నాను."

ఆవిడది పిండిమర నడిపిన ఇల్లు. గుమ్మంలో నిలబడి అడిగినవాళ్ళని ఉత్తచేతులతో ఎన్నడూ పంపలేదు. గుమ్మం తెరమీదకి మారినంత మాత్రాన ఆవిడ మారుతుందా? సుభాషిణికి నవ్వు ఆగలేదు, ఆ నవ్వులో జాలి కూడా ఉంది. సహాయకులందరినీ బయటికి పంపించేసింది. పేరుకుపోయిన చెత్తంతా ఊడ్చేసింది. తర్వాత సెట్టింగుల్లోకి వెళ్ళి, ఇకమీదట ఎవరు వచ్చి ఏమడిగినా ఆవిడ దాకా రానివ్వకుండా వద్దనెయ్యమని, వరసలో కనబడ్డ ప్రతిదానికీ పెట్టేసింది. ఆ వరసలో ఏమేమున్నాయో చదవలేదు. ఆసుపత్రి పేజీ నొక్కితే చిటికెలో వచ్చింది. వరహాలమ్మ మొహం విప్పారింది.

"నీ కడుపు చల్లగుండాల తల్లీ," అని దీవించి, టైము అయిపోతోందని గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మాస్టారు తిరిగొచ్చాక సుభాషిణి జరిగిందంతా ఉత్సాహంగా చెప్పింది. అప్పుడే ఆ ప్రశ్న అడిగింది. అడిగి, "నేర్పడం మనవల్ల అయ్యే పని కాదని, ఆవిడ తరఫున నేనే అందరికీ వద్దని పెట్టేశాను," అంది.

"అందరికీనా?" అన్నారు మాస్టారు.

"అందరికీ."

మాస్టారు గోడ గడియారం చూశారు. ఐదు దాటింది. వరహాలమ్మకి ఫోన్ చేశారు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పనిలో పడ్డారు. ఏం తప్పు చేశానో ఇంకా తెలియకపోయినా, ఆ రాత్రి సుభాషిణికి సరిగా నిద్రపట్టలేదు.

మర్నాడు నాలుగున్నరకి వరహాలమ్మ వచ్చింది. ఒక చేతిలో లాప్‌టాప్, ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా. వచ్చి నాలుగు కేకలేసి ఉంటే సుభాషిణికి తేలిగ్గా ఉండేది.

"పేజీ బాగా వచ్చిందమ్మా, నిన్నేమీ అనడానికి లేదు," అంది ఆవిడ. "పిల్ల కనబడింది. నేనే దానికి కనబడలేదు. ముద్ద పట్టుకుని కూచున్నాను. 'అమ్మమ్మ రాలేదా అమ్మా' అని అడుగుతోంది. ఇక్కడే ఉన్నానే బంగారం అని అరిచాను, దానికి ఇనబడలేదు. అరగంటా ఇటే చూసింది. పక్కన ఫోన్ మోగుతున్నా ముద్ద దించలేదు నేను, దించితే ఆ క్షణానే చూస్తుందేమోనని. రాత్రి మా అమ్మాయి బయటికొచ్చి ఫోన్ చేసింది. మెతుకు ముట్టలేదంట. నేనే ఏదో నొక్కకూడనిది నొక్కి ఉంటానమ్మా."

అరగంట మొదలయ్యేటప్పుడు ఆసుపత్రి పేజీ కూడా అందరిలాగే వచ్చి అడుగుతుంది, మీ కెమెరా వాడుకోవచ్చా, మీ గొంతు వినొచ్చా అని. దానికీ ఆవిడ పేరు మీద వద్దనే జవాబు వెళ్ళింది. సుభాషిణికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మీరు కాదండీ. నేనే చేశాను."

"పోన్లే తల్లీ, నా మేలుకే కదా చేశావు," అని వరహాలమ్మ ఆమె చెయ్యి నిమిరింది. ఆ నిమరడం సుభాషిణి తట్టుకోలేకపోయింది. తల వంచుకుని లాప్‌టాప్ తెరిచింది.

మాస్టారు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, నిన్నటి వరసని పైకి చదవమన్నారు. సుభాషిణి ఒక్కొక్కటే చదివింది. కెమెరా అన్న చోట వేలు పెట్టి రెండోసారి చదివింది. ప్రతిదానికీ 'వద్దు' తీసేసి 'ముందు నన్ను అడగాలి' అని పెట్టించారు ఆయన.

"మాస్టారూ, మళ్ళీ అందరూ వచ్చి పడతారు."

"రానీ," అని, ఆయన వరహాలమ్మ వైపు తిరిగారు. "అమ్మగారూ, మీరు పిల్లకి అన్నం పెడతా ఉండగా గుమ్మంలోకి ఎవరన్నా వచ్చి అడిగితే ఏమంటారండీ?"

"ఏమంటానండీ? చెయ్యి ఖాళీ లేదు నాయనా, మళ్ళీ రా అంటాను."

"తప్పనిపించదాండీ?"

"తప్పేముందండీ! పొమ్మన్లేదు కదా. పిల్ల తింటంది కదా."

అడిగే పెట్టె మూలన చిన్న ఇంటూ గుర్తు ఉంటుంది. మాస్టారు దాన్ని చూపించి, అది నొక్కితే ఆ మాట అన్నట్టేనని చెప్పారు. వరహాలమ్మ దాన్ని అనుమానంగా చూసింది.

"పొమ్మనడం కాదుగా?"

"కాదండీ. మళ్ళీ రమ్మనడమే."

అప్పటికి ఐదైంది. ఇంటికి వెళ్ళే వ్యవధి లేదు. బల్ల మీద స్క్రూడ్రైవర్లు పక్కకి జరిపారు. ఆవిడ చేతులు కడుక్కుని, డబ్బా మూత తీసి, నెయ్యి వేసి పప్పన్నం కలిపింది. షాపంతా ఇంగువ వాసన. పేజీ వచ్చింది, పెట్టె వచ్చింది, కెమెరా కావాలంది. ఆవిడ ఎడమ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఈళ్ళెవరండీ?"

"మీరు ఎదురుచూస్తున్నది వీళ్ళకోసమేనండీ," అన్నారు మాస్టారు.

ఆవిడ సరేనంది. తెరమీద, తలమీద టోపీ పెట్టుకున్న పాలిపోయిన మొహం ఒకటి కనబడింది. ఒక్క క్షణం అనుమానంగా చూసి, అంతలోనే వెలిగింది.

"అమ్మమ్మా! నిన్న ఎందుకు రాలేదు?"

"వచ్చానే తల్లీ. గుమ్మంలోనే ఉన్నాను. తలుపు మూసుకుపోయింది."

మొదటి ముద్ద పైకి లేచింది. పిల్ల నోరు తెరిచింది. పక్కన నిలబడ్డ సుభాషిణి కూడా తనకి తెలియకుండానే నోరు తెరిచింది. నాలుగో ముద్దో ఐదో ముద్దో నడుస్తుండగా చీరలవాళ్ళు వచ్చి, కబుర్లు పంపుకోవచ్చా అని అడిగారు. సుభాషిణి చెయ్యి గభాల్న ముందుకి పోయింది. మాస్టారు కళ్ళతోనే వద్దన్నారు.

వరహాలమ్మ ముద్ద దించలేదు. ఎడమ చేతి చిటికెనవేలితో ఆ ఇంటూ గుర్తు మీద మెల్లగా నొక్కి, "చెయ్యి ఖాళీ లేదు నాయనా, మళ్ళీ రా," అంది.

"ఎవరమ్మమ్మా వచ్చింది?" అని అవతల పిల్ల కిసుక్కున నవ్వింది.

"ఎవరోలేవే. నువ్వు నోరు తెరువు."

ఆ సాయంత్రం అక్కడ తల్లి చేతిలో గిన్నె అడుగు కనబడింది. ఆవిడ వెళ్ళాక సుభాషిణి బల్ల మీద పడ్డ మెతుకులు ఏరింది. చివరికి, "నిన్న నేనడిగింది..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"నువ్వు తలుపేసి వచ్చేశావమ్మా," అన్నారు. "ఆవిడ గుమ్మంలో నిలబడే మళ్ళీ రమ్మని చెప్పింది."